మావయ్య అడిగిన వాషరు

మావయ్య పోయాడన్న ఫోను వచ్చేసరికి నేను ఆటోనగర్‌లో ఒక ఆయిల్‌సీళ్ళ కొట్టు ముందు నిలబడి ఆయన గాలి తుపాకీకి వాషరు వెతుకుతున్నాను. ఫోనులో అటు మా ఆవిడ ఏదో చెబుతోంది. ఇటు కొట్టాయన నల్లటి వాషరొకటి బల్ల మీద పెట్టి, ఇది కచ్చితంగా సరిపోతుందండీ, పట్టుకెళ్ళండి అంటున్నాడు. రెండు మాటలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అర్థమయ్యాక ముందు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇన్నేళ్ళు నన్ను ఈ కొట్ల చుట్టూ గానుగెద్దులా తిప్పి, తీరా ఒకటి దొరికే వేళకు అది సరైనదో కాదో చెప్పకుండా వెళ్ళిపోవడం ఏం మర్యాద? ఆ వాషరు జేబులో వేసుకునే భవానీపురంలో ఆయనింటికి బయలుదేరాను.

జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. నాకంటే ముందు లేచినవాళ్ళు ఆయన క్రమశిక్షణ గురించీ, ప్రార్థనలో ఆయన పట్టుదల గురించీ చెప్పారు. నేనూ లేచి, మావయ్య చాలా మంచివాడు, ఆయన లేని లోటు తీరనిది అని కూచున్నాను. దండ వేసిన ఫొటో ముందు, తెల్లబట్టల మధ్య, వాషరు సంగతి ఎత్తితే బాగుండదు. అందుకని ఇక్కడ ఎత్తుతున్నాను.

మావయ్య అంటే మా అమ్మకు అన్న. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవాడు. మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు గానీ డ్రిల్లు ఆయన్ని వదల్లేదు. కూరల బజారులో సంచీ పట్టుకుని నడిచినా ఎడమ, కుడి, ఎడమ, కుడి అన్నట్టే నడిచేవాడు. ఇంటికెవరైనా వస్తే రండి కూచోండి అనడానికి ముందు, చెప్పులు రెండూ ఒక వరసలో విడిచారో లేదో చూసేవాడు. చర్చిలో పాట ఎక్కడైనా దారి తప్పితే ముందు వరసలోంచి చెయ్యెత్తి ఆపేసేవాడు. రాగం ఇది కాదు అనేవాడు. మళ్ళీ పల్లవి నుంచి. టిఫిను సెంటరులో అల్లం పచ్చడి నాలిక మీద వేసుకుని, ఇది కాదు అనేవాడు. మరి ఏదండీ అని అడిగితే చెప్పలేడు. కాదని మాత్రం తడుముకోకుండా చెప్పగలడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాళ్ళని అందరం చూశాం. ఈయన కుందేల్ని పట్టకుండానే దానికి ఎన్ని కాళ్ళు ఉండవో చెప్పే రకం.

మైలవరం దాటాక ఆయనకొక చిన్న మామిడి తోట ఉంది. చిన్నరసాలు ఎక్కువ, నాలుగైదు చెట్లు బంగినపల్లి. కొండ పక్కనే కావడంతో పిందె కట్టిన దగ్గర్నుంచీ కోతులు దిగుతాయి. తినేది కొంచెం, కొరికి పారేసేది బోలెడు. కాపలాకి పెట్టిన మనుషులు ఒక్కరూ నిలవలేదు. చివరికి కాపలా అంటే మావయ్యా, ఆయన గాలి తుపాకీ. సీజనులో రోజూ పొద్దున్నే టిఫిను డబ్బా సర్దుకుని, తుపాకీని పాత దుప్పటిలో చుట్టి చంకన పెట్టుకుని, మైలవరం బస్సెక్కేవాడు. మెడలో స్కూలు నాటి ఈల. జేబులో గుండ్ల డబ్బా. నడుస్తుంటే ఆ డబ్బా గలగలమనేది. ఆ చప్పుడు వింటేనే పక్క తోటవాళ్ళు, మాస్టారొచ్చారండోయ్ అనుకునేవాళ్ళు.

మా అత్తయ్యకు ఆ తోటంటే పడదు. ఆయనకు షుగరు, పైగా ఎండ, పైగా బస్సులు. ఆ వైపు ప్లాట్లు వేస్తున్న బ్రోకరొకాయన ఏటా వచ్చి తోట అడిగి వెళుతూనే ఉన్నాడు. ఒక వేసవిలో మావయ్య లేని వేళ చూసి కోతులు చెట్లన్నీ ఊడ్చి పారేశాక అత్తయ్య తెగేసి చెప్పింది. వచ్చే కాపు చేతికి రాకపోతే తోట అమ్మేయాల్సిందేనని. మావయ్య వెంటనే సరేనన్నాడు. ఆయనంత తేలిగ్గా ఎందుకు సరేనన్నాడో నాకప్పుడు అర్థం కాలేదు. ఆ సరే వెనక ఉన్నది నేను. అల్లుడు ఆటోనగర్‌లో ఉన్నాడు, వాషరు తెస్తాడు, తుపాకీ పేలుతుంది, తోట నిలబడుతుంది. ఇదీ ఆయన ధైర్యం.

నేను ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పద్దులు రాస్తాను. మా బంధువుల లెక్కలో ఆటోనగర్ అంటే దొరకనిదంటూ లేని చోటు. అక్కడ పని చేసేవాడు పనీపాటా లేనివాడు. మిక్సీ జారు మూత దగ్గర్నుంచి మోటారు కండెన్సరు దాకా అందరికీ నేనే తేవాలి. అవన్నీ సంతోషంగా తెచ్చాను. ఎందుకంటే అవి దొరుకుతాయి. దొరికాక వాళ్ళు తీసుకుంటారు. మావయ్యతో ఈ రెండూ జరగవు.

ఆ తుపాకీని నడుం దగ్గర వంచితే లోపల స్ప్రింగు బిగుస్తుంది. మీట నొక్కితే స్ప్రింగు విడిపోయి పిస్టను ముందుకు దూసుకొస్తుంది. దాని ముందున్న గాలి గుండును నెడుతుంది. ఆ గాలి పక్కలకు జారిపోకుండా పిస్టను తలకు ఒక వాషరుంటుంది. అంతే, మనిషి బొటనవేలి మొదలంత వాషరు. అది అరిగితే తుపాకీ తుస్సుమంటుంది. తుపాకీని స్కూలు పాత హెడ్మాస్టరుగారు ఊరు వదిలి వెళుతూ మావయ్యకిచ్చారట. దాని మీద కంపెనీ పేరు అరిగిపోయి రెండక్షరాలు మిగిలాయి. ఆ రెండక్షరాలతో మొదలయ్యే కంపెనీ ఈ భూమ్మీద ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కనక కొత్త వాషరు కంపెనీ నుంచి రాదు. ఈ ముక్క ఆయనకు ఎన్నిసార్లు చెప్పానో.

మొదటిసారి వాషరు కావాలన్నప్పుడు, పాతది ఇవ్వు మావయ్యా, చూపించి అలాంటిదే తెస్తాను అన్నాను. ఇవ్వనన్నాడు.

"చూపిస్తే ఏదుంటే అది తీసి, అదే ఇదంటారు. చూపించకుండా అడుగు. తెలిసినవాడైతే వాడే తీసిస్తాడు."

పోనీ కొలతైనా చెప్పమన్నాను. పాత రూపాయి బిళ్ళ కంటే ఒక వెంట్రుకవాసి చిన్నది అన్నాడు. ఏ పాత రూపాయి? అది నీకు తెలియదులే అన్నాడు. నేను గట్టిగా అడిగితే వాట్సాప్‌లో ఫొటో పంపాడు. అరచేతిలో వాషరు పెట్టి తీశాడు. ఆ ఫొటోలో వాషరు తప్ప అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఆయన ఆయుర్దాయ రేఖ కూడా కనిపిస్తోంది. దాన్ని పట్టుకుని నేను ఆటోనగర్ మీద పడ్డాను. గాలి తుపాకీకి వాషరండీ అని అడిగిన ప్రతి చోటా కొట్టులో ఉన్నవాళ్ళంతా పని ఆపి నా మొహం చూసేవాళ్ళు. ఒకాయన, మీరేం చేస్తుంటారండీ అని మెల్లగా ఆరా తీశాడు.

అయినా తెచ్చాను. లారీ బ్రేకు కప్పు తెచ్చాను. చేతిపంపు తోలు వాషరు తెచ్చాను. సైకిలు పంపుది, కిరసనాయిలు స్టవ్వుది తెచ్చాను. చెప్పులు కుట్టే అతని పక్కన కూచుని గట్టి తోలు గుండ్రంగా కోయించి, నూనెలో నానబెట్టి తెచ్చాను. మా ఆఫీసులో నన్ను వాషరుగారూ అని పిలవడం మొదలుపెట్టారు. మా ఆవిడైతే, మీ మావయ్య ఇంట్లో రాకెట్టేమైనా కడుతున్నాడా అని అడిగింది.

తెచ్చిన ప్రతిదానికీ ఒక పరీక్ష ఉండేది. ఆదివారం ఆరాధన అయ్యి ఇంటికొచ్చాక, తెల్లచొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, బనీనుతో వరండాలో కూచునేవాడు. కింద పాత పేపరు పరిచేవాడు. వాషరు చేతిలోకి తీసుకుని ముందు వాసన చూసేవాడు. తర్వాత చెంపకు ఆనించుకునేవాడు. అంచును ముందు పళ్ళతో మెల్లగా నొక్కేవాడు. ఎండకేసి పట్టుకుని ఒక కన్ను మూసి చూసేవాడు. నేను ఎదురుగా స్టూలు మీద, పరీక్ష పేపరు దిద్దుతున్న మాస్టారి ముందు కూచున్నట్టు కూచునేవాణ్ణి. ఇంతా చేసి ఆయన చెప్పేది ఎప్పుడూ ఒకటే.

"బానే ఉంది గానీ, ఇది కాదురా."

కాదంటూనే బిగించేవాడు. ఇక్కడే నా ఒళ్ళు మండేది. కాదనుకుంటే తిరిగి ఇచ్చెయ్యాలి కదా? బిగించి, పైన నాలుగు చుక్కలు ఆముదం వేసి, వరండా మెట్టు మీద నిలబడి ఆకాశం వైపు ఒకసారి పేల్చేవాడు. ఆముదం దెబ్బకు గొట్టంలోంచి పొగ వచ్చేది, చప్పుడు మామూలుకంటే పెద్దగా వచ్చేది. వీధి చివర కుక్కలు లేచేవి. ఆ ఒక్క క్షణం ఆయన మొహం చూస్తే నాకు ఆటోనగర్ తిరుగుడంతా మరుపొచ్చేది. ఆ తర్వాత వారమో పది రోజులో గడిచేవి. ఫోనులో ఆయన గొంతు రికార్డయి వచ్చేది. అల్లుడూ, నువ్వు తెచ్చింది ఎక్కడి సరుకురా, నీళ్ళలో నానిన అప్పడంలా అయిపోయింది అని. తెచ్చింది నేను కనక తప్పు నాది. అమ్మినవాడిది కాదు, తుపాకీది కాదు, ఆముదానిది అసలే కాదు.

మా ఆఫీసులో ఒకతని కూతురు రైఫిల్ షూటింగు నేర్చుకుంటోంది. ఆ కోచ్‌గారితో ఫోనులో మాట్లాడించాడు. నేను మొత్తం విప్పి చెప్పాను. ఏ వాషరు వేసినా రోజుల్లో చితికిపోతోందండీ అన్నాను. ఆయన ఓపిగ్గా విని ఒకే ప్రశ్న వేశాడు.

"మీ మావయ్యగారు గుండు వెయ్యకుండా ఖాళీగా పేలుస్తారాండీ?"

నాకు పౌరుషం వచ్చింది. ఆయన డ్రిల్లు మాస్టారండీ, తుపాకీ మర్యాద తెలిసిన మనిషి అన్నాను. అయితే నాకు తెలియదండీ అన్నాడాయన. ముందు గుండుంటే అది కదిలేలోపు లోపలి గాలి పిస్టనుకు మెత్తలా అడ్డం ఉంటుందట. ఖాళీగా పేలిస్తే ఆ గాలి నిలవదు, పిస్టను పోయి ఇనుముకు గుద్దుకుంటుంది, మధ్యలో వాషరు నలిగి చస్తుంది. ఏ వాషరైనా అంతే. పెద్దమనిషైన మావయ్యను ఆయన అవమానించాడని ఆ రోజంతా నాకు మనసు బాగాలేదు.

అత్తయ్య పెట్టిన గడువు వేసవి వచ్చింది. ఆ యేడు కాపు విరగ్గాసింది. కాయ ముదిరే వేళకు మావయ్య దగ్గర్నుంచి మళ్ళీ అప్పడం కబురు. ఈసారి నేను పాలియురేతేన్ అనే గట్టి ప్లాస్టిక్ వాషరు ఒకటి ఎక్కడో బెంగళూరు నుంచి తెప్పించాను. అది తీసుకుని శనివారం స్కూటరు మీద నేరుగా తోటకే వెళ్ళాను. ఆయన చెట్టు కింద మడతమంచం మీద కూచుని పెరుగన్నం తింటున్నాడు. తుపాకీ పక్కనే దుప్పటి మీద ఉంది. నేను పొట్లం చూపించాను. పెట్టు, తిన్నాక చూద్దాం అన్నాడు. అంతలో గోడ మీద కోతులు కనిపించాయి.

అన్నం గిన్నె పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని లేచాడు. ఈల వేశాడు. తుపాకీ నడుం వంచాడు, తిరిగి నిటారు చేశాడు, భుజానికి ఆనించాడు. "స్క్వాడ్" అని స్కూలు గ్రౌండు మొత్తానికి వినబడే గొంతుతో అరిచాడు. మీట నొక్కితే తుపాకీ తుస్సంది. అయితే ఆ తుస్సు వినడానికి అక్కడ కోతి ఒక్కటీ లేదు. ఆయన భుజానికి ఆనించినప్పుడే సగం దిగాయి, గొంతెత్తినప్పుడు మిగతా సగం. అన్నీ గోడ దూకి కొండ వైపు పోయాయి.

నాకు అప్పుడు రెండు సంగతులు ఒకేసారి తెలిశాయి. ఒకటి, ఆ కోతులు తుపాకీ చప్పుడుకు భయపడటం లేదు. రెండు, నడుం వంచిన దగ్గర్నుంచి మీట నొక్కేదాకా మావయ్య చెయ్యి జేబులోకి పోలేదు. గుండ్ల డబ్బా చూపించమన్నాను. ఆయన తీసిచ్చాడు. డబ్బా మూత చుట్టూ కంపెనీవాడు అంటించిన టేపు అలాగే ఉంది. ఎండకు పచ్చబడి, చెమటకు అంచులు ఉండకట్టి ఉంది. అన్నేళ్ళుగా ఆయన జేబులో గలగలలాడింది మూత తియ్యని డబ్బా.

నేను అరిచాను. పెద్దాచిన్నా మరిచిపోయి అరిచాను. ఖాళీగా పేలిస్తే వాషరు నిలవదట మావయ్యా, బ్రహ్మదేవుడు చేసిన వాషరు వేసినా నిలవదట, ఆ కోచ్‌గారు ముందే అడిగితే నేను నీ తరఫున పోట్లాడాను అన్నాను. నువ్వే చితక్కొడుతూ నా మీద పడి ఏడుస్తావేం అన్నాను. ఆయన మళ్ళీ మంచం మీద కూచుని పెరుగన్నం గిన్నె ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఆ ముక్క నాకు మూడో వాషరప్పుడే తెలిసింది. ఖాళీగా పేల్చినా ఆగే వాషరు ఎక్కడో ఉంటుంది కదా అని నిన్ను వెతకమన్నాను."

ఇలాంటి మనిషిని ఏం చెయ్యాలి? పోనీ గుండు వేసి పైకి పేల్చవచ్చు కదా అన్నాను. పైకి పోయింది కిందకు రాదా అన్నాడు. చెట్టు మొదట్లోకి పేల్చు. చెట్టేం చేసిందిరా. అసలు పేల్చడమెందుకు, భుజానికి ఎత్తితేనే పోతున్నాయి, గాలి లేని తుపాకీ చాలు కదా, నన్నెందుకు ఇన్నేళ్ళు తిప్పావు అని అడిగాను. ఆయన ముద్ద గిన్నెలోనే వదిలి, తప్పు జవాబు చెప్పిన పిల్లవాణ్ణి చూసినట్టు నన్ను చూశాడు.

"పేలే తుపాకీ చేతిలో ఉండి గుండు వెయ్యకపోతే అది దయరా. పేలని తుపాకీ పట్టుకుని నేను గుండు వెయ్యలేదంటే, అది చేతకానితనం. కోతులకు తెలియదు. నాకు తెలుసుగా."

నేను ఆయన దగ్గర చదువుకున్నవాణ్ణే. ఆయన చేతిలో ఎప్పుడూ బెత్తం ఉండేది. దాన్ని పిక్కల పక్కన గాలిలో ఆడిస్తే వచ్చే చప్పుడుకే మాకు ప్రాణాలు పోయేవి. ఒక్కడికీ తగిలిన గుర్తు లేదు. అయినా ఏటా స్కూలు తెరిచేముందు బెత్తాలు అమ్మే కొట్టుకు వెళ్ళి, ఒక్కొక్కటీ వంచి చూసి, ఇది కాదు, ఇది కాదు అంటూ మంచి బెత్తం ఏరుకుని వచ్చేవాడని అత్తయ్య చెప్పేది. అప్పుడు అదొక పిచ్చి అనుకున్నాం. తోటలో ఆయన ఎదురుగా నిలబడి కూడా నాకు పిచ్చనే అనిపించింది. ఇక ఈ తుపాకీకి నేను వాషరు తేను, ఇదే ఆఖరు అని ఆ పొట్లం మంచం మీద పడేసి స్కూటరెక్కాను. వెనక నుంచి, హెల్మెట్టు పెట్టుకో అని అరిచాడు.

ఆ పాలియురేతేన్ వాషరు అన్నిటికంటే ఎక్కువ కాలం ఆగింది. అయినా కోతలకు ముందే పోయింది. మధ్యలో ఆయనకు జ్వరం వచ్చి తోటకు వెళ్ళలేని రోజుల్లో కోతులు బాగా సవరించుకున్నాయి. కాపు సగమే చేతికొచ్చింది. సగం అంటే వచ్చినట్టా, రానట్టా? మావయ్య ఆ సంగతి ఎత్తలేదు. అత్తయ్యే బ్రోకరుకు ఫోను చేసి రమ్మంది. పక్కన పెద్దమనిషిగా ఉండమని నన్నూ పిలిచింది.

బ్రోకరు మర్యాదస్తుడే. వరండాలో కుర్చీలో కూచుని, తోట ఎంత బాగుంటుందో, అక్కడ ఇళ్ళు వస్తే ఎంత బాగుంటుందో చెప్పాడు. మావయ్య తన కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి, చేతులు మోకాళ్ళ మీద ఆనించి, శిక్ష వినడానికి వచ్చినవాడిలా కూచున్నాడు. అత్తయ్య కాఫీలు తెచ్చిచ్చి, గడప దగ్గర నిలబడింది. నాకు ఆమె మొహంలో నిశ్చయం కనిపించింది. తోట పని అయిపోయినట్టే అనుకున్నాను. నిజం చెప్పాలంటే నా పని కూడా తేలికైనట్టే అనుకున్నాను.

మాటల్లో కోతుల ప్రస్తావన వచ్చింది. బ్రోకరు నవ్వి, అదెంత పనండీ అన్నాడు. వాళ్ళ లేఅవుటులోనూ మొదట్లో ఉండేవట. ఒకదాన్ని కొట్టి, చెట్టుకు వేలాడదీస్తే మిగతావి ఆ ఛాయలకు రావట. మాస్టారి చేతిలో తుపాకీ ఉండి కూడా ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నారో తనకు అర్థం కాలేదన్నాడు. తోట రాతకోతలు అయ్యేలోపు కావాలంటే తన మనిషిని పంపిస్తానన్నాడు. మావయ్య మోకాళ్ళ మీది వేళ్ళు ముడుచుకున్నాయి.

అత్తయ్య గడప దిగి వచ్చింది.

"మా ఇంట్లో తుపాకీకి గుండు వెయ్యరండీ," అంది. "కాఫీ చల్లారిపోతోంది, తాగండి. తోట అమ్మట్లేదు."

ఆ డబ్బాకు టేపు తియ్యలేదని ఆమెకు ఎప్పటినుంచి తెలుసో నేను అడగలేదు. రోజూ చొక్కా ఉతకడానికి ముందు జేబులు తడిమే మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఏళ్ళ తరబడి ఆ తుపాకీని దెప్పింది, ఆ తోటను తిట్టింది, నన్ను చూసి జాలిపడింది. ఒక్కసారి కూడా ఆ మాట బయట పెట్టలేదు. బ్రోకరు కాఫీ తాగి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. మావయ్య లేచి, ఖాళీ గ్లాసులు మూడూ తనే తీసుకుని లోపలికి వెళ్ళాడు. ఆ ఇంట్లో ఆయన ఒక గ్లాసు ఎత్తగా నేను చూడటం అదే మొదలు. లోపల్నుంచి కుళాయి చప్పుడు వినిపిస్తుంటే, కడగడం ఎలాగో తెలుసంటావా అని అత్తయ్య నన్ను మెల్లగా అడిగింది.

ఇదే ఆఖరన్న నా మాట నీటి మీద రాతైంది. ఆ తర్వాత కూడా ఆయన ఫోనులో గొంతు పంపిస్తూనే ఉన్నాడు, నేను విసుక్కుంటూ తిరుగుతూనే ఉన్నాను. ఆ విసుగంటే నాకు ఇష్టమని ఆయనకు తెలుసనుకుంటాను. లేకపోతే అంత ధైర్యంగా నాచేత అన్ని చెత్త వాషర్లు తెప్పించడు. ఈ యేడు చెట్లు పిందె మీద ఉండగా, పొద్దున బస్సుకు బయలుదేరబోతూ, వరండా మెట్టు మీద కూలబడి, అక్కడే పోయాడు. దుప్పటి చుట్టిన తుపాకీ చంకలోనే ఉందట.

కూడిక అయిన వారానికి అత్తయ్య నన్ను తోటకు తీసుకెళ్ళమంది. తుపాకీని అదే దుప్పటిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని స్కూటరు వెనక కూచుంది. బ్రోకరు పరామర్శకు వచ్చి మళ్ళీ అడిగాడనీ, తను అదే జవాబు చెప్పాననీ దారిలో చెప్పింది. ఆ రోజు ఆటోనగర్‌లో తెచ్చిన వాషరు నేనే బిగించాను. అది సరిగ్గా పట్టింది.

మేం వెళ్ళేసరికి కోతులు చెట్ల మీదే ఉన్నాయి. కింద నేలంతా కొరికి పారేసిన పిందెలు. అత్తయ్య తెల్లచీర కొంగు నడుముకు దోపి తుపాకీ తీసుకుంది. నడుం వంచడానికి ఆమె బలం చాలలేదు, నేను వంచి ఇచ్చాను. ఆమె భుజానికి ఆనించింది. మీట నొక్కింది. తుపాకీ ఎన్నడూ పేలనంత గట్టిగా పేలింది. ఒక పిల్లకోతి ఉలిక్కిపడి తల్లి పొట్టకు కరుచుకుంది. మిగతావి కదల్లేదు. అవి ఆమెను చూడటం కూడా లేదు. ఆమె భుజం మీదుగా, మైలవరం రోడ్డు నుంచి తోటలోకి వచ్చే దారి వైపు చూస్తున్నాయి.

అత్తయ్య తుపాకీ దించింది. తనూ ఒకసారి వెనక్కి తిరిగి ఆ దారి చూసింది.

"ఆయన రారు," అంది చెట్టు వైపు తిరిగి. "ఇంక పొండి."

అవి పోలేదు. మేమే వచ్చేశాం.